ఖాళీ పిడతలో కాఫీ

మా అక్క మనవరాలికి మూడున్నరేళ్లు. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు ఏటికొప్పాక లక్కపిడతల పెట్టెను వంటింటి గడప దగ్గర గుమ్మరించుకుని, ఎర్ర పొయ్యి మీద పసుపుపచ్చ గిన్నె పెట్టి, అందులో ఏమీ లేకపోయినా గరిటెతో చాలాసేపు కలియబెట్టి, బొటనవేలంత గ్లాసులోకి వంచి మా అక్క చేతికిచ్చింది. “అమ్మమ్మా, కాఫీ. కాలుతుంది, ఊదుకుని తాగు” అంది. అక్క రెండుసార్లు ఊది, గుటక వేసి, “పంచదార తక్కువైందే తల్లీ” అంది. పిల్ల గ్లాసు వెనక్కి తీసుకుంది. అసలు పంచదార డబ్బా పైగూట్లో ఉందని దానికి తెలుసు. అటు చూడనైనా చూడలేదు. తన పక్కన ఖాళీ నేల మీదికి చెయ్యి చాచి, మూత తీసినట్టు మణికట్టు తిప్పి, చిటికెడు తీసి గ్లాసులో వేసి, మళ్లీ అక్కడే మూత బిగించి, ఆ తరవాతే గ్లాసు అందించింది.

లేని డబ్బాకు మూత బిగించడం చిన్న విషయం కాదు. ఆ డబ్బా ఎక్కడుందో, తెరిచి ఉందో మూసి ఉందో, అందులో ఏముందో ఆ పసిమెదడు గుర్తుంచుకోవాలి. అదే సమయంలో అక్కడ నిజానికి ఏమీ లేదన్న సంగతీ మరిచిపోకూడదు. మన పూర్వులు గుజ్జనగూళ్లు అని పేరుపెట్టి పిల్లలకు వదిలేసిన ఈ ఆటలోని చిక్కుదనాన్ని అలన్ లెస్లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక తేలికైన ప్రయోగంతో చూపాడు. రెండేళ్ల పిల్లల ముందు రెండు ఖాళీ కప్పులు పెట్టి, రెండింటిలోనూ టీ పోసినట్టు నటించి, ఆ తరవాత ఒకదాన్ని బోర్లించి దులిపి మళ్లీ పక్కన పెట్టాడు. ఏ కప్పు ఖాళీగా ఉందని అడిగితే పిల్లలు తడుముకోకుండా బోర్లించిన కప్పునే చూపించారు. కళ్లకు రెండూ ఖాళీగానే కనిపిస్తున్నాయి. ఆటలో మాత్రం ఒకటి నిండుగా ఉంది. ఈ రెండు లెక్కలనూ కలగాపులగం కాకుండా మనసు ఎలా నిలుపుకుంటుందన్న ప్రశ్న మీద లెస్లీ 1987లో రాసిన వ్యాసం, ఎదుటివారి మనసులోని నమ్మకాన్ని పిల్లలు ఎలా గ్రహిస్తారన్న పరిశోధనలకు ముఖ్యమైన ఆధారాల్లో ఒకటైంది. అరటిపండును ఫోనులా చెవికి ఆనించుకున్న తల్లిని చూసి బిడ్డ కంగారుపడదు, నవ్వుతుంది. అమ్మ మనసులో అది ఫోను అని దానికి అర్థమైంది.

ఈ శక్తి మొలకెత్తే క్షణాన్ని స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జీన్ పియాజే తన ఇంట్లోనే పట్టుకున్నాడు. ఆయన కూతురు జాక్లీన్‌కు 15 నెలల వయసులో, తన దిండు అంచును పోలిన కుచ్చుల గుడ్డ ఒకటి కంటబడింది. ఆ పిల్ల గుడ్డను చేత పట్టుకుని, బొటనవేలు నోట్లో పెట్టుకుని, పక్కకు ఒరిగి పడుకుని, పకపకా నవ్వింది. నిద్ర రాలేదు, అది దిండూ కాదు, రెండూ ఆ పిల్లకు తెలుసు కాబట్టే నవ్వు వచ్చింది. పియాజే 1945లో అచ్చువేసిన పుస్తకంలో ఇలాంటివి పుటలకొద్దీ ఉన్నాయి. ఒక తండ్రి బిడ్డ పక్కన కూర్చుని, తొందరపడకుండా, తేదీలు వేసుకుంటూ రాసుకున్న ఆ పరిశీలనలు మనస్తత్వ శాస్త్రానికి అందిన గొప్ప కానుకలని నా అభిప్రాయం.

ఆట ఎందుకు అవసరమన్న ప్రశ్నకు మాత్రం పియాజే కంటే లెవ్ విగోత్‌స్కీ లోతుగా వెళ్లాడు. క్షయతో 37 ఏళ్లకే కన్నుమూసిన ఈ రష్యన్ శాస్త్రజ్ఞుడు, మరణానికి ఏడాది ముందు, 1933లో పిల్లల ఆట గురించి ఒక ఉపన్యాసమిచ్చాడు. అది 1966 దాకా రష్యన్‌లో కూడా అచ్చుకు నోచుకోలేదు. కర్రను గుర్రమని ఎక్కి తిరిగే పిల్లవాడు తన జీవితంలో మొట్టమొదటిసారి వస్తువు నుంచి అర్థాన్ని విడదీస్తున్నాడని ఆయన గుర్తించాడు. అంతవరకు ‘గుర్రం’ అన్న మాట ఎదురుగా ఉన్న గుర్రానికి అతుక్కుని ఉంది. ఇప్పుడు ఆ మాట కర్ర మీదికి ఎక్కింది. కొన్నేళ్ల తరవాత పలక మీద నాలుగు గీతలు ‘అమ్మ’ కావాలన్నా, ఒక అంకె ఐదు మామిడిపళ్లకు బదులుగా నిలబడాలన్నా, ఈ విడదీత ముందుగా జరిగి ఉండాలి.

ఆయన చెప్పిన రెండో సంగతి మనం సాధారణంగా అనుకునేదానికి పూర్తిగా విరుద్ధం. ఆట అంటే ఇష్టారాజ్యమని మన నమ్మకం. పిల్లలు ఎక్కడా లేనంత కట్టుబాటుతో ఉండేది ఆటలోనే అని ఆయన అన్నాడు. ఐదేళ్లు, ఏడేళ్లు ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్లు ‘మనం అక్కచెల్లెళ్ల ఆట ఆడదాం’ అనుకున్న ఉదాహరణను ఆయన ఎత్తుకున్నాడు. మామూలు రోజున అక్కాచెల్లెలుగా ఎలా ఉండాలో ఆలోచించని ఆ పిల్లలు, ఆటలోకి దిగగానే ఒకే రకం దుస్తులు వేసుకుని, చేతులు పట్టుకుని, అక్క అన్నాక ఎలా మాట్లాడాలో అలాగే మాట్లాడసాగారు. మన ఇళ్లల్లో టీచరాట ఆడే పిల్లను గమనిస్తే ఇది తెలుస్తుంది. బడిలో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్ల, చున్నీని చీరలా చుట్టుకోగానే నడకా గొంతూ మారిపోయి, ఎదుట కూర్చున్న దిండ్లన్నిటి హాజరూ ఓపికగా పిలుస్తుంది.

విగోత్‌స్కీ మాటను ఆయన తరవాతి తరం పరీక్షకు పెట్టింది. 1948లో మనుయిలెంకో అనే సోవియట్ పరిశోధకురాలు చిన్నపిల్లలను కదలకుండా నిలబడమని అడిగి, అదే పిల్లలను మరోసారి కాపలా సైనికుడి ఆటలో నిలబెట్టి చూసింది. మరీ పసివారిలో పెద్ద తేడా రాలేదు. నాలుగేళ్లు దాటినవారు సైనికుడి వేషంలో చాలా ఎక్కువసేపు నిలబడగలిగారు. దాదాపు 70 ఏళ్ల తరవాత, 2017లో, అమెరికాలో నాలుగేళ్లవారు, ఆరేళ్లవారు కలిపి 180 మంది పిల్లలకు విసుగు పుట్టించే పని ఒకటి ఇచ్చి పది నిమిషాలు చేయమన్నారు; పక్కనే ఆడుకోవడానికి ట్యాబ్ కూడా పెట్టారు. తనను తాను బ్యాట్‌మన్ వంటి పాత్రగా ఊహించుకుని, ‘బ్యాట్‌మన్ కష్టపడుతున్నాడా?’ అని ప్రశ్నించుకున్న పిల్లలు అందరికంటే ఎక్కువసేపు పనిమీద నిలిచారు. వేషం వేసుకున్నప్పుడు పిల్లవాడు తన విసుగును కాస్త దూరం నుంచి చూడగలుగుతాడని పరిశోధకుల వివరణ.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే నేను పాఠకులకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఊహల ఆట వల్ల తెలివి పెరుగుతుందని, సృజనాత్మకత వికసిస్తుందని బొమ్మల కంపెనీల నుంచి బడుల కరపత్రాల దాకా అందరూ అంటున్నారు. వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఏంజలైన్ లిలార్డ్ తన సహచరులతో కలిసి దశాబ్దాల పరిశోధనలన్నిటినీ జల్లెడ పట్టి 2013లో ఒక సమీక్ష ప్రచురించింది. సృజనాత్మకత, తెలివితేటల వంటి వాటికి ఊహల ఆటే కారణమనడానికి గట్టి రుజువులు లేవని అందులో తేలింది. భాష, కథ చెప్పే నేర్పు, ఉద్వేగాలను అదుపు చేసుకోవడం విషయంలో ఆట పాత్రను తోసిపుచ్చలేమని, ఇంకా పకడ్బందీగా పరిశోధించాలని వారు రాశారు. పిల్లలతో కూర్చుని ఆడే పెద్దలు మామూలు వేళల్లోనూ వారితో ఎక్కువగా మాట్లాడతారు, వారి మాట వింటారు. మరి మేలు చేసింది ఆటా, ఆ మనిషా?

నా మటుకు నాకు, ఈ రెంటినీ విడదీయనక్కరలేదని చూపిన పరిశోధన జమైకాలో జరిగింది. కింగ్‌స్టన్ నగరంలోని పేదవాడల్లో, వయసుకు తగిన ఎత్తు పెరగని 9 నుంచి 24 నెలల పిల్లలు 129 మందిని శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం ఎంచుకుని నాలుగు గుంపులు చేసింది. ఒక గుంపుకు వారానికి కిలో చొప్పున పాలతో తయారైన పోషకాహారం ఇచ్చారు. ఒక గుంపు ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికొకసారి గంటసేపు వెళ్లి, బిడ్డతో ఎలా ఆడాలో తల్లికి ఆడి చూపించారు. మూడో గుంపుకు రెండూ అందాయి, నాలుగో గుంపుకు ఏదీ లేదు. ఆ కార్యకర్తలు తీసుకెళ్లినవి ఖరీదైన బొమ్మలు కావు, పారేసిన ప్లాస్టిక్ సీసాల వంటి ఇంటి సామానుతో చేసినవి. రెండేళ్ల పాటు ఇదే జరిగింది. 1991లో వెలువడిన తొలి ఫలితాల్లో ఆహారమూ ఆటా రెండూ పిల్లల ఎదుగుదలకు తోడ్పడ్డాయి. అయితే అసలు ఫలితం ఆ పిల్లలు పెద్దయ్యాక బయటపడింది. 22 ఏళ్ల వయసులో వారిని వెతికి పట్టుకుని చూస్తే, ఆట అందిన ఇళ్ల పిల్లల సంపాదన అందనివారి కంటే 25 శాతం ఎక్కువగా ఉంది. చిన్నప్పుడు ఎత్తు బాగానే పెరిగిన పొరుగు పిల్లలతో సమానంగా నిలిచారు. ఒక్క ఆహారం మాత్రమే అందినవారిలో అంత మేలు చివరిదాకా నిలవలేదు. ఈ లెక్కలు 2014లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి.

ఇదే పద్ధతిని మన పొరుగున ఒడిశాలో, కటక్ నగరపు 54 మురికివాడల్లో 421 మంది పిల్లలతో 18 నెలలు నడిపి చూశారు. అక్కడా పిల్లల ఆలోచనాశక్తి స్పష్టంగా మెరుగుపడింది. ఆహారం వద్దని దీని అర్థం కాదు. అంగన్‌వాడీలో గుడ్డూ పాలూ ఎంత శ్రద్ధగా లెక్కవేసి ఇస్తున్నామో, ఇంటికెళ్లాక ఆ బిడ్డతో ఎవరు మాట్లాడుతున్నారన్నది కూడా అంతే శ్రద్ధగా చూడాల్సిన విషయమని మాత్రం నేను గట్టిగా నమ్ముతున్నాను.

తల్లి నేల మీద కూర్చుని బిడ్డతో ఆడటం లోకమంతా ఉన్న అలవాటేమీ కాదు. బార్బరా రోగాఫ్ బృందం గ్వాటెమాల, తుర్కియే, అమెరికాలతో పాటు రాజస్థాన్‌లోని ఢోల్-కీ-పట్టీ అనే గిరిజన గ్రామంలో పసిపిల్లల రోజువారీ జీవితాన్ని పోల్చి 1993లో ఒక పుస్తకం వేసింది. ఆ గ్రామంలోనూ గ్వాటెమాలలో ఎంచుకున్న పట్టణంలోనూ పిల్లలు ఎక్కువగా పెద్దల పని మధ్యనే ఉండి, చూసి, చెయ్యి కలిపి నేర్చుకుంటున్నారు. మనకూ ఇది కొత్త కాదు. చిక్కుడుకాయల ఈనెలు తీసే అమ్మమ్మ పక్కన కూర్చుని పుచ్చు కాయనూ మంచి కాయనూ వేరుచేసే పిల్ల వర్గీకరణ నేర్చుకుంటోంది. చపాతీ పిండిలో చిన్న ముద్ద తీసుకుని ఒత్తే పిల్లవాడికి అది సగం పని, సగం ఆట. పొలానికీ పనికీ వెళ్లి అలిసి వచ్చే తల్లిదండ్రులు, పిల్లలతో ఆడటానికి వేరే గంట దొరకడం లేదని బాధపడనవసరం లేదు.

ఇంటిల్లిపాదీ ఆడే ఆటల్లో వైకుంఠపాళి వంటి అంకెల గళ్ల ఆటల గురించి ఒక మాట. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన ప్రయోగంలో, పేద కుటుంబాల చిన్నపిల్లలు 1 నుంచి 10 దాకా అంకెల గళ్లు వరుసగా ఉన్న పలక మీద 15 నిమిషాల చొప్పున నాలుగుసార్లు ఆడారు. అంతమాత్రానికే లెక్కించడం, ఏ అంకె పెద్దదో పోల్చడం మెరుగుపడి, తొమ్మిది వారాల తరవాత కూడా ఆ మెరుగు నిలిచింది. అంకెలకు బదులు రంగులున్న పలక మీద ఆడినవారికి ఇది రాలేదు. ఎనిమిది ఐదు కంటే ఎంత దూరమో పిల్లవాడి వేలు గడి గడి జరుగుతూ తెలుసుకుంటుంది. పద్నాలుగు గుంటల వామనగుంటల్లో చింతపిక్కలు ఒక్కొక్కటే పంచుతూ పోయి చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే చూసుకోవడం ఇంకా కష్టమైన లెక్క, ఆరేడేళ్లు వచ్చాక దానికి సాటి లేదు.

రాత్రి పడుకునే ముందు మాటలకూ ఇంతే విలువ ఉంది. జరిగిపోయిన రోజు గురించి పెద్దలు పిల్లలను ప్రశ్నించే తీరును ఎలెయిన్ రీస్, రాబిన్ ఫైవుష్ ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. ‘తీర్థంలో ఏం చూశావు? చెప్పు, ఏం చూశావు?’ అని ఒకే ప్రశ్న తిప్పితిప్పి అడిగే ఇల్లు ఒకటి. ‘తీర్థంలో రంగులరాట్నం ఎక్కాం కదా, పైకి వెళ్లినప్పుడు నువ్వు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు, ఎందుకని?’ అని కొంత తానే చెబుతూ పిల్లవాడికి చోటు వదిలే ఇల్లు మరొకటి. రెండో ఇంటి పిల్లలు తమ జీవితాన్ని ఎక్కువ వివరంగా గుర్తుపెట్టుకుని చెప్పగలుగుతారు. న్యూజిలాండ్‌లో కొందరు తల్లులకు ఈ తీరు నేర్పి చూసినప్పుడు వారి పిల్లల్లోనూ ఆ మార్పు కనిపించింది.

మన ఇళ్లల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆటను పరీక్షగా మార్చే అలవాటు. మూడేళ్లు నిండని పిల్లలకు చూచిరాత హోంవర్కు ఇచ్చే బడి ఒకటి మా వీధి చివరే ఉంది. ప్రభుత్వం 2022లో తెచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రమూ, 2023లో విడుదల చేసిన ‘జాదూయీ పిటారా’ ఆటసామాను పెట్టే, మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా చదువు ఆటతోనే సాగాలంటున్నాయి. ఆ మాట ఇంకా చాలా గడపలు దాటలేదు. 2011లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం ఇక్కడ గుర్తుకొస్తుంది. నాలుగు గమ్మత్తులు దాచిన ఒక కొత్త బొమ్మను పిల్లలకిచ్చారు. ‘ఇదిగో, ఇది ఇలా పనిచేస్తుంది’ అని ఒకదాన్ని టీచరులా నేర్పితే, పిల్లలు ఎక్కువగా దాన్నే చేస్తూ మిగతావాటిని అంతగా వెతకలేదు. అదే గమ్మత్తు అనుకోకుండా తగిలినట్టు చూపినప్పుడు వారు ఎక్కువసేపు ఆడి మిగతావీ కనిపెట్టారు.

మొన్నటి కాఫీ వేళ కూడా అదే జరగబోయింది. అటుగా వచ్చిన మా బావగారు ముద్దుగా, “ఈ గిన్నె ఏ కలరమ్మా? ఎన్ని గ్లాసులున్నాయి, లెక్కపెట్టు” అన్నారు. పిల్ల “ఎల్లో” అంది, నాలుగు దాకా లెక్కపెట్టింది, గరిటె కింద పెట్టేసి మా వైపు చూస్తూ కూర్చుంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు అక్క తన ఖాళీ గ్లాసులోకి తొంగిచూసి, “అది సరేగానీ, ఇవాళ పాలవాడు రానేలేదు కదే, పాలు లేకుండా కాఫీ ఎలా పెట్టావు?” అంది. పిల్ల కనుబొమలు ముడిచి, పొయ్యి వైపు ఒకసారి, తాతయ్య వైపు ఒకసారి చూసి, గరిటె అందుకుంది. “నిన్నటి పాలున్నాయి అమ్మమ్మా, ఫ్రిజ్‌లో. తాతయ్యకి చెప్పకు, ఆయనకి చాలవు.”