సవతి తల్లి మీద పగేనా? హాట్‌షెప్సుట్ పేరు చెరిపేసిన కథ

1829లో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ నైలు నది పడమటి గట్టున, డెయిర్ ఎల్ బహారీ శిథిలాల్లో తిరుగుతూ ఒక రాజు బొమ్మ దగ్గర తికమకపడ్డాడు. ఈజిప్టు చిత్రలిపిని చదివే దారి ఆయన కనిపెట్టి అప్పటికి ఏడేళ్లు. గోడ మీది రాజుకు గడ్డం ఉంది, రాజవేషం ఉంది. పక్కనున్న రాతలో మాత్రం నామవాచకాలూ క్రియలూ స్త్రీలింగంలో ఉన్నాయి. మన భాషలో అయితే "రాజు మొక్కాడు" అని ఉండాల్సిన చోట "రాజు మొక్కింది" అని ఉందన్నమాట. పైగా ఆ రాజు పేరు ఆయనెప్పుడూ విన్నది కాదు. అక్కడా ఇక్కడా దాన్ని ఉలితో చెరిపేసి, పైన వేరే రాజుల పేర్లు చెక్కి ఉన్నాయి.

ఆ రాజు హాట్‌షెప్సుట్. ఆమె పేరు ఎందుకు చెరిపేశారన్న వాదం 2025లో మళ్లీ వేడెక్కింది. దాని వెనకున్న సంగతులు తెలియాలంటే రాజకుటుంబం దగ్గర మొదలుపెట్టాలి.

ఆమె రాజు మొదటి థుట్మోస్‌కు పట్టపురాణి వల్ల పుట్టిన కూతురు. రెండో థుట్మోస్ అదే రాజుకు మరో భార్య వల్ల పుట్టిన కొడుకు. ఈ సవతి తోబుట్టువులకే పెళ్లయింది. ఫారోల, అంటే ఈజిప్టు రాజుల ఇంట్లో అది మామూలే. వాళ్లకు నెఫెరూరే అనే కూతురు పుట్టింది. కొడుకు మాత్రం ఐసెట్ అనే మరో భార్యకు పుట్టాడు. భర్త పోయేనాటికి ఆ పిల్లవాడు, అంటే మూడో థుట్మోస్, చాలా చిన్నవాడు. సింహాసనం వాడిది, పెత్తనం సవతి తల్లిది. ఇనేని అనే అధికారి తన సమాధి గోడ మీద ఈ సంగతి దాపరికం లేకుండా రాయించుకున్నాడు: రాజు కొడుకు గద్దె ఎక్కాడు, దేశాన్ని నడిపింది మాత్రం హాట్‌షెప్సుట్ అని.

ఇంతవరకూ కొత్తేమీ లేదు. పసిరాజు తరఫున తల్లి రాజ్యం నడపడం ఈజిప్టుకు తెలిసిందే. పిల్లవాడి ఏలుబడి ఏడో ఏటికల్లా ఆమె తానే ఫారో అయింది, అదీ తేడా. మాట్‌కరే అని పట్టాభిషేక నామం పెట్టుకుంది. ఆమున్ దేవుడే తండ్రి రూపంలో వచ్చి తనకు జన్మనిచ్చాడని డెయిర్ ఎల్ బహారీలో తాను కట్టించిన ఆలయం గోడల మీద బొమ్మలు వేయించింది. పిల్లవాణ్ని తొలగించలేదు, సంవత్సరాల లెక్క అతని ఏలుబడి ప్రకారమే సాగింది. కాగితం మీద ఇద్దరు రాజులు, అనుకోవచ్చు.

సుమారు క్రీ.పూ. 1479 నుంచి 1458 దాకా సాగిన ఆ కాలంలో పెద్ద యుద్ధాల కంటే కట్టడాలూ వ్యాపారమూ ఎక్కువ కనిపిస్తాయి. తొమ్మిదో ఏట, ఎర్ర సముద్రానికి దక్షిణాన ఉండేదని భావించే పుంట్ దేశానికి ఓడలు పంపింది. ఆ ప్రయాణం మొత్తం డెయిర్ ఎల్ బహారీ గోడ మీద బొమ్మల కథలా ఉంది: ఐదు ఓడలు, నిచ్చెన వేసుకుని ఎక్కే గుంజల ఇళ్లు, పుంట్ నాయకుడు పరాహూ, పక్కన భారీకాయంతో అతని భార్య ఆతి. తిరుగు ప్రయాణంలో సువాసన బంకనిచ్చే బోళం చెట్లను వేళ్లతో సహా బుట్టల్లో పెట్టి మోసుకొచ్చారు, 31 చెట్లు. చచ్చిన చెక్క కాదు, నాటుకునే మొక్కలు! ఈ ఆలోచన ఎవరిదోగానీ నాకు ఓడల కంటే అదే ముచ్చటేస్తుంది. కర్నాక్ ఆలయంలో ఆమె నిలిపిన ఏకశిలా స్తంభాల్లో ఒకటి ఇప్పటికీ నిలబడే ఉంది. ఎత్తు 29 మీటర్ల పైన, బరువు 300 టన్నుల పైన. ఆ జతను కొండ నుంచి తొలిచి తీయడానికి పట్టింది ఏడు నెలలని దాని పీఠం మీదే రాయించింది.

ఆమె పోయాక మూడో థుట్మోస్ ఒక్కడే రాజు. వెంటనే సేనతో కానాను దేశంలోని మెగిద్దో నగరం మీదికి వెళ్లి గెలిచాడు. తరవాతి ఏళ్లలో ఆమె బొమ్మలు ఉలితో చెరిపేశారు, విగ్రహాలు పగలగొట్టి గోతుల్లో పారేశారు. 1920లలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తరఫున హెర్బర్ట్ విన్‌లాక్ ఆ గోతులు తవ్వితే వేల ముక్కలు దొరికాయి. అప్పటి పండితులకు కథ తేలిగ్గానే అల్లుకుపోయింది: గద్దె లాక్కున్న గడసరి సవతి తల్లి, పళ్లు కొరుకుతూ కాచుకున్న కొడుకు, ఆమె కన్నుమూయగానే పగ.

1966లో ఈజిప్టు చరిత్ర పండితుడు చార్లెస్ నిమ్స్ ఈ కథలో లెక్క తప్పిందని చూపించాడు. ఆమె పేరు తొలగించడం మొదలైంది థుట్మోస్ ఏలుబడి 42వ ఏడు దాటాక, అంటే ఆమె పోయిన సుమారు ఇరవయ్యేళ్లకు. పగ అంతకాలం నిద్రపోతుందా? పైగా ఆమె బతికుండగానే అతనికి సేనల మీద అధికారం ఉంది. కోరుకుంటే అప్పుడే తిరగబడేవాడు. ఇంకో సంగతి: చెరిపేసింది ఆమె రాజుగా కనిపించే బొమ్మలనే. రాణిగా ఉన్న నాటి బొమ్మల జోలికి పోలేదు. అంటే కోపం మనిషి మీద కాదు, ఆడమనిషి ఫారో అయిందన్న దాఖలా మీద. అప్పుడు తన కొడుకు రెండో అమెన్‌హోటెప్‌కు వారసత్వం చిక్కుల్లేకుండా అప్పగించే పని థుట్మోస్ ముందుంది. తాత, తండ్రి, తాను, కొడుకు అనే వరసలో ఆమె అడ్డుగా కనిపించిందన్న వాదనే నాకు నమ్మబుద్ధి అవుతుంది.

2025లో టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకుడు జున్ యి వాంగ్ విన్‌లాక్ నాటి తవ్వకాల దస్త్రాలన్నీ మళ్లీ చూశాడు. విగ్రహాలు చాలావరకు మెడ, నడుము, మోకాళ్ల దగ్గర విరిగాయి. చాలావాటిలో ముఖం చెక్కుచెదరలేదు. పగబట్టినవాడు ముందు కొట్టేది ముఖాన్నే కదా. ఇది విగ్రహంలోని శక్తిని తీసేసే ఆచారమనీ, ఇతర ఫారోల విగ్రహాలకూ ఇలాగే చేశారనీ అతని వాదన. తరవాతి కాలాల వాళ్లు రాయి కోసం పగలగొట్టిన ముక్కలూ వాటిలో ఉన్నాయట. గోడల మీద పేరు చెరిపేసిన సంగతిని మాత్రం ఇది కొట్టిపారేయదు. తరవాతి కాలపు ఫారో మొదటి సేతీ అబిడోస్ ఆలయంలో చెక్కించిన రాజుల జాబితాలో ఆమె పేరు లేదన్నదీ నిజమే.

కర్నాక్ స్తంభాల్ని కూలగొట్టలేదు, వాటి చుట్టూ రాతి గోడ కట్టి మూసేశారు. ఆ గోడ చాటునే రాతలు భద్రంగా మిగిలాయి. వాటిలో ఒక చోట ఆమె అంటుంది: రాబోయే ఏళ్లలో ఈ కట్టడాల్ని చూసే జనం ఏమనుకుంటారోనని నా మనసు అటూ ఇటూ ఊగుతోంది, అని.