రిపోర్టు బాగుంది, నీరసం మాత్రం తగ్గలేదు

పొద్దున లేవగానే థైరాయిడ్ మాత్ర, పది నిమిషాలకు వేడి కాఫీ. చాలా ఇళ్లలో రోజు ఇలాగే మొదలవుతుంది. నెలల తరబడి మందు వాడుతున్నా నీరసం పోలేదని, జుట్టు రాలుతోందని, మలబద్ధకం వదలడం లేదని బాధపడేవారు మొదట చూసుకోవలసింది ఆ కాఫీనే.

థైరాయిడ్ తక్కువగా పనిచేసేవారికి ఇచ్చే ఆ మాత్ర పేరు లెవోథైరాక్సిన్. దాని మోతాదును మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. అంటే గ్రాములో పది లక్షల వంతు. అంత కొద్ది మందులో పేగులు ఏ కాస్త పీల్చుకోకపోయినా లెక్క తప్పుతుంది. అందుకే పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకైనా టిఫినుకైనా అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలు పేగుల్లోనే ఈ మందును పట్టేసుకుంటాయి కాబట్టి వాటికి నాలుగు గంటల ఎడం కావాలి. థైరాయిడ్ మందు వాడే గర్భిణులకు ఈ మూడూ అవసరమవుతాయి, పైగా వారికి థైరాయిడ్ మోతాదు కూడా పెరగాల్సి వస్తుంది. వారి విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. గ్యాస్ ట్రబుల్ కోసం రోజూ వేసుకునే మాత్రలు కూడా మందు ఒంటికి పట్టడాన్ని తగ్గించగలవు. పొద్దున కుదరనివారు డాక్టరుకు చెప్పి, రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత వేసుకోవచ్చు.

ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు ఏడు రోజులు పడుతుంది. మోతాదు మార్చాక కొత్త స్థాయి కుదురుకోవడానికి సుమారు ఆరు వారాలు కావాలి. మందు సరిపోతోందా అన్నది టీఎస్‌హెచ్ చెబుతుంది: థైరాయిడ్‌ను పనిచేయించే ఈ హార్మోను, మందు చాలకపోతే పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. రెండు వారాలకే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకుంటే వచ్చేది సగం కథే.

ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మొదలుపెడతారు. కొన్ని ల్యాబుల పరీక్షా పద్ధతుల్లో అది టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపించి, మందు ఎక్కువైందన్న భ్రమ కలిగిస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు దాన్ని ఆపాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, టీఎస్‌హెచ్ కూడా హద్దుల్లోనే ఉన్నా కొందరికి నీరసం తగ్గదు. అప్పుడు "రిపోర్టు బాగుంది కదా" అని పంపించేయడం న్యాయం కాదు. రక్తహీనత, బి12 లోపం, నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు, డిప్రెషన్ కూడా అచ్చం ఇలాగే బాధిస్తాయి. థైరాయిడ్‌పై శరీరం తానే దాడి చేసే హషిమోటో వ్యాధి ఉన్నవారిలో బి12ను పేగులు పీల్చుకోలేని జబ్బు, గోధుమ పడని సీలియాక్ వ్యాధి మిగతావారికంటే ఎక్కువగా కనిపిస్తాయి. వాటిని వెతికితేనే దొరుకుతాయి.

ఏ కారణమూ దొరకనివారూ ఉన్నారు. మాత్రలోని టీ4 హార్మోనులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. శరీరం ఒకదాన్ని తీసేసి, చురుకైన టీ3గా మార్చుకుంటుంది. ఈ మార్పు కొందరిలో సరిగ్గా జరగడం లేదేమోనని టీ3ని కూడా కలిపి ఇచ్చి చూశారు. కొందరు బాగుందన్నారు గానీ, ప్రయోగాలన్నీ కలిపి చూస్తే స్పష్టమైన మేలు తేలలేదు. గర్భిణులకు అది తగదు. మిగతావారిలోనూ హార్మోన్ల నిపుణుడైన ఎండోక్రినాలజిస్టు పర్యవేక్షణలో, కొంతకాలం ప్రయత్నించి చూడదగ్గది మాత్రమే.

నీరసం పోలేదని సొంతంగా మోతాదు పెంచుకోవడం మాత్రం వద్దు. మందు ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు రిపోర్టుతో పాటు ఒక కాగితం తీసుకెళ్లండి: మాత్ర ఎన్నింటికి, కాఫీ ఎన్నింటికి, ఇంకా ఏయే మందులు ఎప్పుడెప్పుడు, రాత్రి గురక ఉందా.