జూదానికి స్వీయ నిషేధం: అపోహలు - వాస్తవాలు

బ్రిటన్‌లో జూద వ్యసనానికి చికిత్స అందించే బృందంలో నేను కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. చదువు కోసం వచ్చిన తెలుగు విద్యార్థులు, ఉద్యోగాల్లో ఇంకా కుదురుకుంటున్న యువకులు, అప్పుడప్పుడు వారి భార్యలు, తల్లిదండ్రులు కూడా మమ్మల్ని సంప్రదిస్తుంటారు. స్వీయ నిషేధం, అంటే సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ అనే సదుపాయం ఒకటి ఉందని వీరిలో చాలామందికి తెలుసు. కానీ కొందరు భయపడి దాని జోలికి వెళ్లరు, మరికొందరు సగం తెలుసుకుని వాడి, పనిచేయలేదని వదిలేస్తారు. ఆ రెండింటి వల్లా జరుగుతున్న నష్టాన్ని దగ్గర నుంచి చూస్తున్నాను కాబట్టి ఈ వివరాలు రాస్తున్నాను.

"నాకు ఆడే అవకాశం ఇవ్వకండి" అని జూద సంస్థలను మనిషి తనంతట తానే కోరి, ఎంచుకున్న గడువు తీరేవరకు ఆ మాటను వెనక్కి తీసుకునే వీలు లేకుండా చేసుకునే ఏర్పాటు ఇది. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం 1996లో కాసినోల విషయంలో ఇలాంటి జాబితాను మొదలుపెట్టింది. బ్రిటన్‌లో ఆన్‌లైన్ జూదానికి సంబంధించి గామ్‌స్టాప్ అనే ఉచిత పథకం 2018లో వచ్చింది. ఇక్కడ లైసెన్సు ఉన్న ప్రతి ఆన్‌లైన్ సంస్థా అందులో చేరడాన్ని 2020 మార్చి 31 నుంచి తప్పనిసరి చేశారు. ఆస్ట్రేలియాలో బెట్‌స్టాప్ పేరుతో జాతీయ జాబితా 2023 ఆగస్టులో ప్రారంభమైంది. నేను రోజూ చూసేది గామ్‌స్టాప్ కాబట్టి ఎక్కువగా దాని గురించే చెబుతాను.

అపోహ: గట్టిగా అనుకుంటే ఎవరైనా మానేయగలరు. జాబితాలో పేరు రాయించుకోవడం చేతకానితనం.

వాస్తవం: అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో జూద రుగ్మతను మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల సరసన చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో కూడా దీనిని వ్యసనపు ప్రవర్తనగానే గుర్తించారు. నా దగ్గరికి వచ్చేవారు మనోబలం లేనివారు కారు. రెండు షిఫ్టులు పనిచేసి, ఎంఎస్ పూర్తిచేసి, ఇంటికి డబ్బు పంపుతూ వచ్చినవారే ఎక్కువ. చిక్కంతా ఎక్కడుందంటే, కోరిక పుట్టడానికీ డబ్బు పందెంలో పడడానికీ మధ్య ఫోన్‌లో ఒకటి రెండు నిమిషాలకు మించి పట్టదు. ఆ తహతహ ఎల్లకాలం ఉండదు, కాసేపటికి తగ్గుతుంది. అయితే అది తగ్గేలోపే జీతం అయిపోతోంది. స్వీయ నిషేధం ఆ వ్యవధిని పొడిగిస్తుంది. మనసు కుదురుగా ఉన్న పగటిపూట తీసుకున్న నిర్ణయం, నిద్రపట్టని రాత్రి రెండు గంటలకు అదే మనిషికి అడ్డుగా నిలుస్తుంది. ఇది తప్ప దాని నుంచి ఇంకేమీ ఆశించకూడదు. అయితే ఈ ఒక్కటీ చిన్న సహాయం కాదు.

అపోహ: పోయిన డబ్బు రికవరీ అయ్యాక, అప్పులు తీరాక నమోదు చేసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: నేను అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇదే, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. పందెం కట్టేవారి నోట 'రికవరీ' అనే మాట ఎంత మామూలుగా వస్తుందంటే, అది ఒక ఆర్థిక ప్రణాళిక అనే భ్రమ కలుగుతుంది. పోయినదాన్ని రాబట్టుకోవడానికి మర్నాడు మళ్లీ ఆడడం ఈ రుగ్మతను గుర్తించే లక్షణాలలో ఒకటిగా వైద్య గ్రంథాల్లోనే ఉంది. ఒకవేళ పెద్ద మొత్తం గెలిచినా ఏం జరుగుతుందో చాలామంది నాకు తమ బ్యాంకు స్టేట్‌మెంట్లు తెరిచి చూపించారు. గెలిచిన సొమ్ము ఖాతాలోకి వచ్చిన గంటలోపే చిన్న చిన్న మొత్తాలుగా తిరిగి అదే సంస్థకు వెళ్లిపోయి ఉంటుంది. అప్పు తీర్చడానికి వేరే దారులున్నాయి. బ్రిటన్‌లో స్టెప్‌చేంజ్ వంటి స్వచ్ఛంద సంస్థలు అప్పుల విషయంలో ఉచితంగా సలహా ఇస్తాయి. అప్పు ఎంత ఉన్నా సరే, నమోదు మాత్రం ఈ రోజే జరగాలి. ఐపీఎల్ అయ్యాక, ఈ ఒక్క మ్యాచ్ అయ్యాక అని వాయిదా వేసుకునేవారికి నేను చెప్పేది కూడా ఇదే.

అపోహ: పేరు నమోదైతే వీసాకు, ఉద్యోగానికి, క్రెడిట్ స్కోరుకు ముప్పు.

వాస్తవం: తెలుగు విద్యార్థులను వెనక్కి లాగుతున్న భయాల్లో ఇది మొదటిది. గామ్‌స్టాప్ నమోదు క్రెడిట్ రేటింగ్‌పై ప్రభావం చూపదు. అది నేర చరిత్ర కాదు, వైద్య రికార్డు కూడా కాదు. మిమ్మల్ని గుర్తుపట్టి ఆపడం కోసమే జూద సంస్థలు ఆ వివరాలను వాడతాయి. నిజమైన ముప్పు మరోచోట ఉంది. ఇంటి దగ్గర పొలం తాకట్టు పెట్టి పంపిన ఫీజు డబ్బు పందేలకు పోయి, విశ్వవిద్యాలయానికి వాయిదా కట్టలేకపోతే ప్రవేశం రద్దు కావచ్చు. అప్పుడు విశ్వవిద్యాలయం వీసాకు ఇచ్చిన స్పాన్సర్‌షిప్‌ను ఉపసంహరించుకుని ఆ సంగతి వీసాలు చూసే హోమ్ ఆఫీస్‌కు తెలియజేస్తుంది. వీసాకు ఎసరు వచ్చేది అక్కడే. అందుకే ఫీజు గడువు దగ్గరపడకముందే విశ్వవిద్యాలయంలోని విద్యార్థి సహాయ విభాగంతో మాట్లాడమని ప్రతి విద్యార్థికీ చెబుతాను. చాలాచోట్ల వాయిదాల గడువు పెంచే వీలు ఉంటుంది.

అపోహ: ఒక్కసారి నమోదు చేసుకుంటే అన్ని దారులూ మూసుకుపోతాయి.

వాస్తవం: మూసుకుపోవు. ఇది తెలియకపోవడం వల్లే "నేను పెట్టుకున్నాను, పనిచేయలేదు" అనే నిరాశ పుడుతోంది కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్పాలి.

మొదటిది, గామ్‌స్టాప్ మీ పేరు, పుట్టిన తేదీ, ఈమెయిల్, ఫోన్ నంబరు, పోస్ట్‌కోడ్ వంటి వివరాలను జూద సంస్థల దగ్గరున్న వివరాలతో పోల్చి పనిచేస్తుంది. మన పేర్ల దగ్గరే తంటా వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు రెండు మూడు ముక్కలుగా మరో గడిలో ఉంటాయి. బెట్టింగ్ ఖాతా తెరిచినప్పుడు ఇంటిపేరు స్థానంలో ఒక అక్షరం మాత్రమే ఇచ్చి ఉండవచ్చు, లేదా పేరునే ఇంటిపేరుగా రాసి ఉండవచ్చు. నిరుడు నలుగురితో కలిసి ఉన్న ఇంటి పోస్ట్‌కోడ్, ఇండియాలో ఉన్నప్పటి జీమెయిల్, మార్చేసిన సిమ్ నంబరు వంటివి ఖాతాల్లో అలాగే ఉండిపోతాయి. అందుకే నమోదుకు కూర్చునే ముందు నేను కాగితం మీద ఒక పట్టిక రాయిస్తాను. ఏయే ఖాతాలున్నాయి, ఏ స్పెల్లింగ్‌తో, ఏ ఈమెయిల్‌తో, ఏ చిరునామాతో తెరిచారు అన్నది గుర్తున్నంతవరకు రాసుకుని, ఆ ఈమెయిళ్లు, నంబర్లు, పోస్ట్‌కోడ్‌లు అన్నీ నమోదులో చేర్పిస్తాను. ఇల్లు మారినా, నంబరు మారినా వెంటనే సరిచేసుకోవాలి.

రెండోది, గామ్‌స్టాప్ పరిధి ఆన్‌లైన్, ఫోన్, ఈమెయిల్ పందేల వరకే. వీధి చివర బెట్టింగ్ షాపుకు, నగరంలోని కాసినోకు అది వర్తించదు. బెట్టింగ్ షాపులకు మోసెస్ అనే పథకం, కాసినోలకు సెన్స్ అనే పథకం వేరుగా ఉన్నాయి. వాటిలో ప్రత్యేకంగా చేరాలి.

మూడోది, బ్రిటన్ లైసెన్సు లేని విదేశీ వెబ్‌సైట్లను, వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో పందేలు కట్టే ఐడీలు అమ్మే బుకీలను ఏ స్వీయ నిషేధ జాబితా కూడా ఆపలేదు. నిషేధంలో ఉన్నవారినే గాలం వేసి పట్టే ప్రకటనలు కూడా ఇంటర్నెట్‌లో కనిపిస్తాయి. వాటి వలలో పడితే గెలిచిన డబ్బు ఇస్తారన్న పూచీ లేదు, ఫిర్యాదు చేయడానికి చోటూ లేదు. ఇలాంటి వెబ్‌సైట్లను ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో తెరుచుకోకుండా అడ్డుకునే గామ్‌బాన్ వంటి సాఫ్ట్‌వేర్‌ను ప్రతి పరికరంలోనూ పెట్టుకోవాలి. జూద బాధితులకు సాయపడే గామ్‌కేర్ అనే స్వచ్ఛంద సంస్థ, గామ్‌బాన్, గామ్‌స్టాప్ కలిసి నడుపుతున్న టాక్‌బాన్‌స్టాప్ అనే కార్యక్రమం ద్వారా అది ఉచితంగా దొరుకుతుంది.

నాలుగోది బ్యాంకు. బ్రిటన్‌లో క్రెడిట్ కార్డులతో జూదాన్ని 2020 ఏప్రిల్ 14 నుంచి నిషేధించారు. డెబిట్ కార్డులకు పెద్ద బ్యాంకుల యాప్‌లలో జూద చెల్లింపులను ఆపే మీట ఉంటుంది. 2018లో మోంజో అనే బ్యాంకు ఈ సదుపాయం తెచ్చినప్పుడు, దాన్ని తీసేయాలనుకుంటే 48 గంటలు ఆగేలా చేసింది. మీ బ్యాంకు ఎంత వ్యవధి పెడుతుందో ముందే చూసుకోండి. వెంటనే తీసేయగలిగే అడ్డు ఉన్నా లేనట్టే. అయితే ఈ మీట పనిచేసేది జూద వ్యాపారాలకు కార్డు సంస్థలు కేటాయించిన కోడ్ ఆధారంగా. క్రిప్టో కొన్నా, స్నేహితుడి ఖాతాకు డబ్బు పంపి అతని చేత పందెం కట్టించినా బ్యాంకుకు అది జూదమని తెలియదు. రూమ్మేట్ ఖాతాతో ఆడడం నేను మనవాళ్లలో మరీ తరచుగా చూస్తున్నాను. కాబట్టి కలిసి ఉండేవారిలో కనీసం ఒక్కరికైనా విషయం చెప్పి, "నేను అడిగినా ఇవ్వకు" అని ముందే మాట తీసుకోవడం ఏ సాఫ్ట్‌వేర్‌కూ తీసిపోని రక్షణ.

అపోహ: కొడుకు తరఫున తల్లిదండ్రులు, భర్త తరఫున భార్య నమోదు చేయించవచ్చు.

వాస్తవం: బ్రిటన్‌లో కుదరదు. ఎవరి పేరు వారే ఇచ్చుకోవాలి. సింగపూర్ పద్ధతి వేరు. అక్కడి నేషనల్ కౌన్సిల్ ఆన్ ప్రాబ్లమ్ గ్యాంబ్లింగ్ వద్ద మనిషి స్వయంగా కోరుకునే నిషేధంతో పాటు, దగ్గరి కుటుంబసభ్యులు దరఖాస్తు చేస్తే విచారించి ఇచ్చే కుటుంబ నిషేధం కూడా ఉంది. సింగపూర్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలు ఈ వెసులుబాటు గురించి తెలుసుకోవడం మంచిది. బ్రిటన్‌లో ఉన్న పిల్లల గురించి గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో ఆందోళనతో ఫోన్ చేసే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. అప్పు తీర్చడానికి డబ్బు నేరుగా వాడి చేతికి పంపకండి, పంపక తప్పకపోతే విశ్వవిద్యాలయానికో ఇంటి యజమానికో నేరుగా చెల్లించండి. తిట్టి ఫోన్ పెట్టేస్తే వాడు మీకు నిజం చెప్పే దారి కూడా పోతుంది.

అపోహ: గడువు తీరిన రోజునే ఖాతాలన్నీ వాటంతటవే తెరుచుకుంటాయి.

వాస్తవం: గామ్‌స్టాప్‌లో ఆరు నెలలు, ఏడాది, ఐదేళ్లు అనే గడువుల్లో ఒకటి ఎంచుకోవచ్చు. మధ్యలో రద్దు చేసుకోలేరు. గడువు తీరాక కూడా మీరు అడిగి తీయించుకుంటే తప్ప నిషేధం తొలగదు, అడిగాక కూడా 24 గంటలు ఆగాలి. ఆరు నెలలతో మొదలుపెడదామనేవారిని నేను ఐదేళ్ల వైపే మొగ్గమంటాను. ఆడకుండా ఉండాలన్నదే ఉద్దేశమైనప్పుడు తక్కువ గడువు వల్ల ఒరిగేదేమీ లేదు.

అపోహ: ఖాతాలో మిగిలిన సొమ్ము పోతుంది.

వాస్తవం: పోదు. అది మీ డబ్బే. సంస్థను సంప్రదించి తిరిగి తీసుకోవచ్చు. అయితే ఆ సొమ్ము తీసుకునే పని ఇంట్లో మరొకరు పక్కన ఉండగా చేయండి.

అపోహ: దారులన్నీ మూసేశాక ఇక చికిత్స అక్కర్లేదు.

వాస్తవం: ఆట ఆగిన తొలి వారాల్లో నిద్ర పట్టదు, చిరాకు పెరుగుతుంది. అప్పటిదాకా పందేల సందడిలో మరుగున పడిన అప్పులు, ఒంటరితనం, ఇంటికి చెప్పిన అబద్ధాలు ఒక్కసారిగా ఎదుట నిలుస్తాయి. ఆత్మహత్య ఆలోచనలు కూడా రావచ్చు కాబట్టి ఈ దశలో మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ తొలి జూద చికిత్సా కేంద్రం 2008లో లండన్‌లో మొదలైంది. 2024 నాటికి అలాంటి కేంద్రాలు 15 అయ్యాయి. వాటికి జీపీ, అంటే స్థానిక వైద్యుడి సిఫారసు లేకుండా ఎవరికివారే వెళ్లవచ్చు. చికిత్సలు ఎలా ఉండాలో సూచించే నైస్ అనే సంస్థ 2025 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకాలు, ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి పెద్దపీట వేశాయి. కొందరికి నిపుణుల పర్యవేక్షణలో తహతహను తగ్గించే నాల్ట్రెక్సోన్ మందు కూడా ఇస్తారు. నేషనల్ గ్యాంబ్లింగ్ హెల్ప్‌లైన్ 0808 8020 133కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. బతకాలనిపించని క్షణంలో మాట్లాడడానికి సమరిటన్స్ అనే స్వచ్ఛంద సంస్థ నంబరు 116 123. ప్రాణాపాయం ఉంటే 999.

అపోహ: ఇండియాలో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు కాబట్టి అక్కడ ఇవేవీ అవసరం లేదు.

వాస్తవం: తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించే చట్టాన్ని పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించింది. దాంతో పేరున్న రమ్మీ, ఫ్యాంటసీ యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. బుకీల ఐడీలు, విదేశీ వెబ్‌సైట్లు మాత్రం ఆగలేదు. అవి చట్టానికి బయటే పుట్టినవి కాబట్టి మీరు పేరిచ్చి ఆపించుకోగల జాబితా కూడా వాటికి ఉండదు. అందువల్ల ఇండియాలో స్వీయ నిషేధాన్ని ఇంట్లోనే కట్టుకోవాలి. జీతం పడే ఖాతాను నమ్మకమైనవారి చేతిలో పెట్టడం, యూపీఐ పరిమితిని బాగా తగ్గించడం, కార్డుల ఆన్‌లైన్ లావాదేవీలను బ్యాంకు యాప్‌లో ఆపేయడం, లోన్ యాప్‌లను తీసేయడం, బుకీ ఉన్న గ్రూపుల నుంచి బయటికొచ్చి నంబరు మార్చడం వంటివి ఒకే రోజున చేయాలి. కేంద్ర చట్టంలో ఆడేవారికి శిక్ష లేదు గానీ రాష్ట్ర చట్టాల్లో ఉంది. ఆ భయంతో వైద్యుడి దగ్గరికి వెళ్లడం మానకండి, రోగి వివరాల గోప్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హక్కుగా ఇచ్చింది. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థలో, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలలో సహాయం అడగవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

అపోహ: నిషేధంలో ఉండగా ఒక్కసారి ఆడితే అంతా వృథా అయినట్టే.

వాస్తవం: తిరగబెట్టడం ఈ రుగ్మతలో మామూలే. అలా జరిగిందని వచ్చి చెప్పినవారిని నేను ముందుగా అడిగేది, డబ్బు ఏ దారిన వెళ్లిందని. పాత ఈమెయిల్‌తో ఉన్న ఖాతా తెరుచుకుందా, రూమ్మేట్ ఫోన్ వాడారా, బెట్టింగ్ షాపులో నగదు కట్టారా, కొత్త ఐడీ ఎవరిచ్చారు అన్నది తెలిస్తే ఆ దారిని అదే రోజు మూసేస్తాం. గామ్‌స్టాప్ వివరాలు సరిచేసి, షాపుల పథకంలో చేర్పించి, నగదు తీసే పరిమితిని బ్యాంకులో తగ్గిస్తాం. ఆ తర్వాతే, ఆ రోజు మనసు ఎందుకు అటు లాగిందన్న సంభాషణ మొదలుపెడతాం.