సైన్సు క్లాసులో బుడమేరు: అపోహలు, వాస్తవాలు

అపోహ: ఊరి సమస్యలు సోషల్ టీచర్ చెప్పుకోవాలి, సైన్సుకి సిలబస్సే పూర్తికాదు.

వాస్తవం: 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ మునిగిందని విజయవాడ పిల్లలకి తెలుసు. ముంచింది కృష్ణ అనుకునేవాళ్లు చాలామంది. ముంచింది ఊరి మధ్యగా పారే బుడమేరు వాగు. అప్పుడే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. నది నిండుగా ఉంటే బుడమేరు మళ్లింపు కాలువ నీరు అందులోకి దిగదు. క్యూసెక్కంటే సెకనుకు 28.3 లీటర్లు; పిల్లలచేత గుణించి చూపిస్తే సెకనుకు 3.2 కోట్ల లీటర్లు దాటుతుంది. ప్రవాహం, పీడనం, నేలలు ఎలాగూ చెప్పే పాఠాలే. నాలుగు పీరియడ్లు కేటాయిస్తే సరిపోతుంది.

అపోహ: చర్చ పెడితే చాలు.

వాస్తవం: కొలత లేని చర్చలో గొంతు పెద్దవాడిదే గెలుపు. ముందు ఏ నేలలో నీరు ఎంత ఇంకుతుందో చూపే ప్రయోగం చేయించండి. రెండు లీటర్ల సీసాలు మూడు తీసుకుని అడుగు కోసి, మూతికి గుడ్డ కట్టి తలకిందులుగా నిలబెట్టండి. ఒకదాంట్లో అర కిలో ఇసుక, రెండోదాంట్లో అంతే నల్లరేగడి, మూడోదాంట్లో నల్లరేగడి మీద ముందురోజే వేసిన పలచటి సిమెంటు పూత. ఒక్కోదాంట్లో 200 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, పది నిమిషాల్లో కిందికి దిగినదాన్ని కొలవాలి.

తప్పు ఎక్కువగా జరిగేది నల్లరేగడి దగ్గరే. పొడిగా ఉంటే గడ్డల సందుల్లోంచి నీళ్లు జారిపోతాయి, "రేగడిలోనే త్వరగా ఇంకుతుంది" అని పిల్లలు రాసేస్తారు. ముందురాత్రే తడిపి ఉబ్బనివ్వండి, సీసా గోడల వెంట వేలితో నొక్కండి. పోలిక సరిగా ఉండాలంటే ఇసుకనీ తడపాలి.

అపోహ: అన్ని అభిప్రాయాలూ సమానమే.

వాస్తవం: బోర్డు మీద రెండు గళ్లు గీయండి. "రేగడిలో నీరు నెమ్మదిగా ఇంకుతుంది" కొలిస్తే తేలే మాట. "కాలువగట్టు ఇళ్లు తీసేయాలా?" అన్నది కొలిస్తే తేలదు, ఎవరికి ఎంత నష్టమో ఆధారాలు చెబుతాయి, న్యాయమేదో వాదించుకోవాల్సిందే. ఇల్లు మునిగిన పిల్లలు అదే క్లాసులో ఉంటారు. "మీ ఇంట్లోకి ఎంత నీళ్లొచ్చాయి?" అని అందరిముందూ అడగకండి. వాదన కోసం పిల్లలకి తలా ఒక పాత్ర ఇచ్చేటప్పుడు గట్టుమీది కుటుంబం పాత్ర వాళ్లకివ్వకండి.

అపోహ: ఒకే జవాబు లేదు కాబట్టి మార్కులు వేయలేం.

వాస్తవం: పదిలో వాదనకి 2, తాము కొలిచిన ఆధారానికి 3, ఆ ఆధారం వాదనని ఎలా నిలబెడుతుందో చెప్పినందుకు 3, ఎదుటి వాదనకి జవాబుకి 2. ఏ పక్షం పట్టారన్నదానికి మార్కు లేదని మొదటి రోజే చెప్పండి.