బాత్ బాంబ్ లేబుల్ చివర్న ఏముంది?

గ్లాసెడు నీళ్ళలో ఒక చెంచా వంటసోడా కలిపి, పైన ఒక చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి చూడండి. బుస్సుమని పొంగుతుంది. అప్పుడే గ్లాసును అరచేత్తో పట్టుకుంటే చల్లబడటం తెలుస్తుంది, ఎందుకంటే ఈ చర్య నీళ్ళలోని వేడిని లాక్కుంటూ జరుగుతుంది. ఈనో ప్యాకెట్ వెనక చదివితే స్వర్జిక్షారం, నింబుకామ్లం అని ఉంటుంది. అవి ఇవే. 1989లో ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో మో కాన్‌స్టాంటిన్ అనే ఆవిడ, నీళ్ళలో వేస్తే బుసబుసమనే ఆల్కా సెల్ట్‌జర్ బిళ్ళ స్ఫూర్తితో, ఇదే జంటను స్నానపు నీళ్ళలో వేసుకునే ఉండగా చేసింది. అదే బాత్ బాంబ్. తర్వాత సౌందర్య సాధనాలు అమ్మే లష్ సంస్థను స్థాపించిన వాళ్ళలో ఆవిడ ఒకరు.

బాత్ బాంబ్ అనగానే చాలామంది భయం ఈ పొంగు మీదే. "అంత గ్యాస్ వస్తోంది, పిల్లలకి మంచిదేనా?" అని అడుగుతారు. లెక్క వేసి చూద్దాం. చాలామంది వాడే కొలత రెండు పాళ్ళ సోడాకు ఒక పాలు నిమ్మ ఉప్పు. ఆ మిశ్రమం 100 గ్రాములు పూర్తిగా కరిగితే సుమారు 12, 13 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. చిన్న బాత్రూంలో కూడా దాదాపు 10,000 లీటర్ల గాలి ఉంటుంది. అంటే పెరిగేది 0.13 శాతం. పనిచేసే చోట ఎనిమిది గంటల పాటు పీల్చే గాలికి సాధారణంగా పెట్టే పరిమితి 0.5 శాతం. గ్యాస్ గురించి బెంగ అక్కర్లేదు.

సోడా గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. ఆ కొలతలో సోడా అంతా ఖర్చవదు, సుమారు మూడో వంతు నీళ్ళలో మిగిలిపోతుంది. అది కొంచెం క్షారం. మన చర్మం పై పొర కొంచెం ఆమ్లం, దాని పీహెచ్ 5 చుట్టుపక్కల ఉంటుంది. మామూలు చర్మం కాసేపట్లో సర్దుకుంటుంది. ఎగ్జిమా ఉన్నవాళ్ళకూ, చలికాలం చర్మం పగిలేవాళ్ళకూ లాగినట్టు, మండినట్టు ఉండొచ్చు. కొన్నిట్లో ఎప్సమ్ సాల్ట్ కూడా వేస్తారు, పాతవాళ్ళు భేది ఉప్పు అనేవారు. అది ఒంట్లోని విషాలను చర్మం గుండా లాగేస్తుందనే ప్రచారానికి గట్టి ఆధారం లేదు.

అసలు చూడాల్సింది లేబుల్ మొదట్లో కాదు, చివర్న. మన దేశంలో 2020 సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం ఒక శాతం కంటే ఎక్కువున్న పదార్థాలను బరువు తగ్గే వరసలో రాయాలి. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని వాటి తర్వాత ఏ వరసలోనైనా రాయొచ్చు. ఆ చివర్లో తరచుగా "ఫ్రాగ్రెన్స్" లేదా "పర్ఫ్యూమ్" అని ఒకే ఒక్క మాట కనిపిస్తుంది. దాని వెనక పదులకొద్దీ రసాయనాలు ఉండొచ్చు. సువాసనల వల్ల అలర్జీ వచ్చేవాళ్ళు తక్కువేమీ కాదు. అందుకే యూరోపియన్ యూనియన్ 26 సువాసన పదార్థాలను, కడిగేసుకునే ఉత్పత్తుల్లో 0.01 శాతం దాటితే, పేరుపేరునా రాయమంది. 2023లో ఆ జాబితాను 80 దాకా పెంచింది. లిలియల్ అనే పరిమళాన్ని 2022 మార్చి నుంచి పూర్తిగా నిషేధించింది.

"మాది సహజమైన నూనెతో చేసింది" అంటే నిశ్చింతగా ఉండొచ్చా? ఉండకూడదు. నారింజ తొక్క నూనెలోని లిమోనీన్, లావెండర్ నూనెలోని లినలూల్ తాజాగా ఉన్నప్పుడు పెద్దగా ఏమీ చేయవు. గాలి తగిలి ఆక్సీకరణం చెందాకే అలర్జీ కలిగించే పదార్థాలుగా మారతాయి. ఏడాదిగా అల్మరాలో మూత లేకుండా పడున్న ఉండ కొత్తదానితో సమానం కాదు. పైగా ఈ అలర్జీ వెంటనే బయటపడదు. ఈరోజు స్నానం చేస్తే రేపో ఎల్లుండో ఎర్రబడి దురద పెడుతుంది, కారణమేంటో ఎవరికీ తట్టదు. ఒకసారి ఒంటికి పడనిదైతే ఇక సాధారణంగా జీవితాంతం పడదు.

మన ఇళ్ళకు సంబంధించి నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. ఈ ఉండను 150 లీటర్ల తొట్టెను దృష్టిలో పెట్టుకుని చేశారు. 100 గ్రాముల ఉండలో 2 శాతం సుగంధ నూనె ఉందనుకుంటే, తొట్టెలో లీటరుకు 13 మిల్లీగ్రాములు. మన దగ్గర చాలా ఇళ్ళలో తొట్టె ఉండదు. 20 లీటర్ల బకెట్‌లో వేస్తే ఆ గాఢత ఏడున్నర రెట్లు. పాదాలు నానబెట్టే 5 లీటర్ల టబ్బులో వేస్తే ముప్ఫై రెట్లు! పైగా నూనె నీళ్ళలో కలవదు, పైన తేలుతూ చర్మానికి అంటుకుంటుంది. బకెట్‌కైతే చిన్న ముక్క విరిచి వేసుకోండి, చివర్న మామూలు నీళ్ళు రెండు చెంబులు ఒంటి మీద పోసుకోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళ ఇళ్ళలో తొట్టెలున్నాయి, పిల్లలు అందులో అరగంట ఆడతారు. అక్కడ నురగొచ్చే డిటర్జెంట్ స్నాన ఉత్పత్తులను పెద్దవాళ్ళకు మాత్రమేనని లేబుల్ మీద స్పష్టంగా చెప్పకుండా అమ్మితే, అతిగా వాడినా, ఎక్కువసేపు ఉన్నా చర్మానికీ మూత్రనాళానికీ మంట కలగవచ్చనే హెచ్చరిక తప్పనిసరి. నురగ కోసం అలాంటివి కలిపిన బాత్ బాంబులూ ఉన్నాయి. ఆడపిల్లల విషయంలో మరీ జాగ్రత్త. పాసుకి వెళ్తే మంటంటోందని పిల్ల చెబితే, ముందు ఆ ఉండలు మానెయ్యండి, తగ్గకపోతే డాక్టరుకి చూపించండి.

రంగుల సంగతి తేలిక. లేబుల్ మీద సి.ఐ. (కలర్ ఇండెక్స్) తర్వాత ఐదంకెల సంఖ్య ఉంటే ఏ రంగో తెలుస్తుంది: 19140 టార్ట్రజీన్, 77019 అభ్రకం. ఉత్త "కలర్" అని రాసుంటే కొనొద్దు. మెరుపు ముక్కలు ప్లాస్టిక్‌వైతే కాలవలోకే పోతాయి.

కప్‌కేకులా, ఐస్‌క్రీములా చేసినవి కూడా నాకు ఇష్టం లేదు. లిథువేనియాలో అలాంటి బాత్ బాంబులను మార్కెట్ నుంచి తీసెయ్యమని అధికారులు ఆదేశిస్తే, వ్యవహారం యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. తిండి అనుకుని నోట్లో పెట్టుకుంటే ప్రమాదమని ప్రయోగాల లెక్కలతో రుజువు చేయాల్సిన పని లేదనీ, ఒక్కో వస్తువునూ విడిగా పరిశీలించి తేల్చాలనీ 2022 జూన్‌లో ఆ న్యాయస్థానం చెప్పింది.

పిల్లలకు కావల్సింది ఆ బుసబుసే అయితే వాసనా రంగూ లేకుండా ఇంట్లోనే చేసుకోవచ్చు. కార్న్‌ఫ్లోర్, సోడా, నిమ్మ ఉప్పు, కొద్దిగా కొబ్బరినూనె చాలు. నిమ్మ ఉప్పు పొడి కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము కళ్ళలో పడితే భగ్గున మండుతుంది. వానాకాలం తేమకే మిశ్రమం మెల్లగా పొంగడం మొదలుపెడుతుంది కాబట్టి, బాగా ఆరకముందే గాజు సీసాలో వేసి మూత బిగించకండి.