పాయింట్ టూ టూ తూటాలు: డబ్బా మీది అంకెలు, మనవాళ్ల అపోహలు

డల్లాస్ చుట్టుపక్కల షూటింగ్ రేంజ్‌లకు కొత్తగా వచ్చే తెలుగువాళ్లలో ఎన్‌సీసీ చేసినవాళ్లు తరచూ తగులుతుంటారు. కాలేజీ రోజుల్లో బోర్లా పడుకుని పాతిక గజాల దూరంలో కాల్చిన ఆ పాయింట్ టూ టూ రైఫిలే ఇక్కడా మొదటి మెట్టు. అప్పుడు తూటాలు హవల్దార్ గారు లెక్కపెట్టి చేతిలో పెట్టేవారు, ఎంచుకునే బాధ లేదు. ఇక్కడ షాపులో అరల నిండా రకరకాల డబ్బాలు, ప్రతి డబ్బా మీదా తూటా వేగం చెప్పే ఓ పెద్ద అంకె. ఆ అంకె చూసే చాలామంది పొరబడుతున్నారు. రేంజ్‌లో, వేటగాళ్లకు జాగ్రత్తలు నేర్పే హంటర్ ఎడ్యుకేషన్ క్లాసుల్లో నాకు పదేపదే వినిపించే మాటలు ఇవి. అన్నీ .22 లాంగ్ రైఫిల్ అనే రకం తూటా గురించే.

అపోహ: వేగం ఎక్కువున్న తూటానే గురి తప్పదు.

వాస్తవం: దాదాపు తలకిందులు. మామూలు ఉష్ణోగ్రతలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,125 అడుగులు. 40 గ్రెయిన్ల, అంటే 2.6 గ్రాముల బుల్లెట్‌ను (తూటా కొసన ఉండి ఎగిరిపోయే ముక్క) స్టాండర్డ్ వెలాసిటీ తూటా సెకనుకు 1,070 అడుగుల వేగంతో వదులుతుంది. హై వెలాసిటీ అయితే 1,235 పైన. ఈ రెండోది ధ్వనిని మించి బయల్దేరి, వంద గజాలు చేరేలోపే ధ్వని కంటే కిందికి దిగిపోతుంది. ఆ దిగే చోట గాలి ఒత్తిడి మారి బుల్లెట్ కాస్త ఊగుతుంది. స్టాండర్డ్‌కు ఆ గొడవే లేదు, మొదటి నుంచీ ధ్వని కంటే కిందే. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ కాల్చేవాళ్లు ఈ నెమ్మది తూటాలే వాడేది అందుకే. అక్కడ పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే మరి.

ఇంకో మాట చెబితే ఎవరూ ఓ పట్టాన నమ్మరు: పక్కగాలికి ఎక్కువ కొట్టుకుపోయేది కూడా వేగం తూటానే. ధ్వని వేగం దగ్గర గాలి బుల్లెట్‌ను గట్టిగా ఆపుతుంది. దారిలో ఎంత వేగం పోగొట్టుకుంటే పక్కగాలి దాన్ని అంతగా తోస్తుంది. గంటకు పది మైళ్ల పక్కగాలిలో వంద గజాల వద్ద ఈ రెండింటికీ అంగుళం దాకా తేడా వస్తుంది. టెక్సాస్ గాలి సంగతి తెలిసినవాళ్లకు అంగుళం అంటే ఏమిటో విడమరచక్కర్లేదు.

అపోహ: ఖరీదైన తూటా కొంటే ఏ రైఫిల్ అయినా గ్రూప్ (కాగితం మీద రంధ్రాల గుంపు) బిగిస్తుంది.

వాస్తవం: ఖరీదుకు తగ్గది కొంత ఉంది, కాదనను. ఎలీ టెనెక్స్, లాపువా లాంటి మ్యాచ్ తూటాల్లో ఒక దానికీ ఇంకో దానికీ వేగం తేడా బాగా తక్కువ. చవక బల్క్ ప్యాక్‌తో 50 గజాల మీద పది కాల్చి కాగితం దగ్గరికెళ్లి చూడండి. రంధ్రాలు పక్కలకు బాగానే ఉండి, పైకీ కిందికీ నిలువుగా సాగి ఉంటే, వేగం తూటా తూటాకూ మారుతోందని మొదటి అనుమానం. కానీ అదే ఖరీదైన డబ్బా మీ బ్యారెల్‌కు, అంటే నాళానికి, నచ్చకపోవచ్చు. మధ్య ధర ఎస్‌కే తూటా దాని కంటే మెరుగ్గా కొట్టనూవచ్చు. పెద్ద షూటర్లు బ్రాండ్ ఎంచుకోవడంతో ఆగరు. డబ్బా మీది లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన తూటాల గుర్తు) చూసి, తమ రైఫిల్‌లో కాల్చి, కుదిరిన లాట్‌నే పెట్టెలకు పెట్టెలు కొంటారు. మీరు అంత దూరం వెళ్లక్కర్లేదు. మూడు నాలుగు రకాలు డబ్బా చొప్పున తెచ్చుకోండి. రకం మార్చినప్పుడల్లా మొదటి పది పన్నెండు రౌండ్లు లెక్కలోకి తీసుకోకండి. సీసం బుల్లెట్ల మీద మైనం లాంటి పూత ఉంటుంది. బ్యారెల్‌లో పాత పూత పోయి కొత్తది పట్టేదాకా గ్రూప్ నిలకడగా రాదు.

అపోహ: పేలలేదంటే తూటా పుచ్చింది, వెంటనే తీసి పారెయ్యాలి.

వాస్తవం: వెంటనే తీయకండి. కనీసం 30 సెకన్లు నాళం టార్గెట్ వైపే ఉంచి ఆగండి. తర్వాత తీసి అడుగు అంచు చూడండి. ఈ తూటాలో మందుగుండును అంటించే రసాయనం మధ్యలో ఉండదు, అంచు మడతలో చుట్టూ ఉంటుంది. అంచును కొట్టే ఫైరింగ్ పిన్ను నొక్కు లోతుగా పడి ఉంటే ఆ చోట రసాయనం సరిగా చేరలేదని. నొక్కు పైపైనే ఉంటే తప్పు తూటాది కాదు, బోల్ట్‌లో మురికో, పిన్ను అరుగుదలో. "టప్" అని నీరసంగా పేలితే మాత్రం రెండోది కాల్చొద్దు. బుల్లెట్ నాళంలోనే ఇరుక్కుని ఉండొచ్చు.

అపోహ: .22 అని రాసుంటే ఏదైనా ఒకటే.

కాదు. .22 మాగ్నమ్ కేసు (తూటా ఇత్తడి గొట్టం) లావు వేరు, లాంగ్ రైఫిల్‌కు బదులుగా వాడేది కాదు. రైఫిల్ బ్యారెల్ మీద చెక్కినదే చదవండి.

అపోహ: ఉడతలకు వేగం ఎక్కువున్న హాలో పాయింటే (కొనలో గుంట ఉండి, తగలగానే విచ్చుకునే బుల్లెట్) కొనాలి.

వాస్తవం: ఇది తూర్పు టెక్సాస్ సంగతి. ఓక్, పీకన్ చెట్ల మీది ఫాక్స్ ఉడత మన మూడు చారల ఉడత కాదు, కిలో దాకా తూగుతుంది, తినడానికే కొడతారు. వేగం హాలో పాయింట్ ఒంట్లో తగిలితే మాంసం చితికిపోతుంది. సబ్‌సోనిక్, అంటే ధ్వని కంటే నెమ్మదైన, హాలో పాయింట్‌తో తలకు గురిపెట్టేవాళ్లు బాగుపడతారు. ముప్పై, నలభై గజాల్లో తలను కచ్చితంగా కొట్టలేకపోతే ఏ తూటా కొన్నా జీవిని హింసపెట్టడమే. ఆటోమేటిక్‌గా లోడయ్యే రైఫిల్ అయితే సబ్‌సోనిక్ తూటా బలం ఖాళీ కేసు బయటికి తోసి తర్వాతది ఎక్కించడానికి సరిపోతుందో లేదో ముందే రేంజ్‌లో చూసుకోవాలి.

అసలు భయం వేరే ఉంది. డబ్బా మీద ఒకటిన్నర మైళ్ల దాకా ప్రమాదం అని రాసి ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ. కొమ్మ చివర, వెనుక ఆకాశం ఉన్న ఉడతను వదిలేయండి. వెనుక లావుపాటి మాను ఉంటేనే ట్రిగ్గర్ మీద వేలు.

కాలిఫోర్నియా మిత్రులకు: 2019 జూలై 1 నుంచి అక్కడ ఏ వేటకూ సీసం బుల్లెట్ వాడకూడదు, .22కూ మినహాయింపు లేదు. రాగి బుల్లెట్లు బాగా తేలిక, కాబట్టి జీరో, అంటే గురి సర్దుబాటు, మళ్లీ చూసుకోవాల్సిందే. ఇక సెలవులకు ఇంటికెళ్లి కుందేళ్ల వేట అనేవాళ్లకు ఒకటే మాట: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

అపోహ: గన్ కొనకపోతే చాలు, వీసా మీద ఉన్నా ఫ్రెండ్ రైఫిల్‌తో కాల్చుకోవచ్చు.

వాస్తవం: హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాపై వచ్చినవాళ్లు గన్‌తో పాటు తూటాలు దగ్గర ఉంచుకోవడాన్ని కూడా ఫెడరల్ చట్టం నిషేధించింది. కొన్ని మినహాయింపుల్లో ముఖ్యమైనది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. టెక్సాస్‌లో వేటాడాలంటే 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కూడా ఉండాలి. గ్రీన్ కార్డు వాళ్లకు ఈ వీసా నిషేధం వర్తించదు. మీ స్టేటస్ ఏదో అనుమానంగా ఉంటే రేంజ్‌కు రాకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి, రేంజ్ కౌంటర్‌లో కుర్రాణ్ని కాదు.