విడిపించినందుకు కాదు, ఆఖరున వేసిన దెబ్బకు కేసు: కొన్ని అపోహలు, వాస్తవాలు

"అడ్డం పోతే మన మీదే కేసు పడతాదంట కదా సార్?" క్రిమినల్ కేసులు చూసేవాళ్ళకు తిరుపతిలో ఈ ప్రశ్న ఎదురుకాని వారం ఉండదు. అడిగేవాళ్ళు పిరికివాళ్ళేమీ కారు. బస్టాండులోనో, వైన్ షాపు సందులోనో ఎవడో ఒకణ్ణి చావబాదుతుంటే రెండడుగులు ముందుకు వేసి, మూడోది వెయ్యలేక ఆగిపోయినవాళ్ళు. ఆ రాత్రి నిద్రపట్టక పొద్దున్నే వచ్చి అడుగుతారు. భయపడి ఆగినవాళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఎదుటివాడి చేతిలో ఏముందో చూసింది వాళ్ళు, మనం కాదు. పుకారు విని ఆగారంటే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. "ఫలానావాడు విడిపించబోయి ఏ1 (మొదటి ముద్దాయి) అయినాడంట" అని టీకొట్టు దగ్గర చెప్పే కథ సగమే ఉంటుంది. కొట్టేవాడు కిందపడినాక మనవాడు ఏం చేశాడన్నది అందులో ఉండదు. కేసంతా అక్కడే ఉంటుంది.

అపోహ: ముక్కూమొహం తెలియని మనిషి కోసం చెయ్యెత్తే హక్కు మనకు లేదు

ఈ అపోహకు సగం కారణం 'ఆత్మరక్షణ' అన్న మాటే. వినగానే నన్ను నేను కాపాడుకోవడం అనిపిస్తుంది. చట్టంలో ఉన్నది అంతకంటే పెద్దది. భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షన్ ప్రకారం ఆ హక్కు కింద చేసిన పని నేరం కాదు. 35వ సెక్షన్ ప్రకారం అది మన ఒంటికీ, ఇంకే మనిషి ఒంటికైనా వర్తిస్తుంది. చుట్టమా, ఊరివాడా, దర్శనానికి వచ్చిన తమిళాయనా అన్న ప్రశ్నే అందులో లేదు. 2024 జూలై 1న కొత్తగా వచ్చిందీ కాదు. 1860 నాటి ఐపీసీలో ఇవే 96, 97 సెక్షన్లు. నంబర్లు మారాయి, అంతే.

"తాగి ఉండాడు పాపం, వాడికేం తెలుసు" అంటారు. దెబ్బలు తినేవాడి తలకు ఆ తేడా తెలియదు. తాగినవాడు చేసినా, మతిస్థిమితం లేనివాడు చేసినా అడ్డుకునే హక్కు అంతే ఉంటుందని 36వ సెక్షన్ విడిగా రాసిపెట్టింది.

హద్దులు 37లో ఉన్నాయి. అవసరానికి మించి హాని చెయ్యకూడదు. పోలీసులను పిలిచి సాయం పొందేంత వ్యవధి ఉంటే హక్కే ఉండదు. చేతులతో కొట్టేవాణ్ణి తొయ్యొచ్చు, వెనక నుంచి గట్టిగా పట్టుకోవచ్చు, చెయ్యి మెలిపెట్టొచ్చు. ఇనప రాడ్డుతో తల పగలగొట్టకూడదు. అవతలి మనిషి ప్రాణం పోతుందనో, తీవ్రగాయం అవుతుందనో, అత్యాచారమో కిడ్నాపో యాసిడ్ దాడో జరుగుతుందనో నిజంగా భయపడే పరిస్థితి ఉంటే 38వ సెక్షన్ ఇంకా చాలా దూరం పోనిస్తుంది, దాడి చేసేవాడి ప్రాణం పోయినా సరే. ఆ గందరగోళంలో లెక్క ఎలా తెలుస్తుందంటారా? 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందదే: సహేతుకమైన భయం ఉంటే చాలు, అంకగణితంలా అడుగడుగునా కొలిచి ఎదుర్కోవాలని ఆశించడం కుదరదు.

అపోహ: విడిపించినాక నాలుగు తగిలిస్తే తప్పేముంది

అసలు కొంప ముంచేది ఇదే. దీన్ని కొంచెం దగ్గరగా చూద్దాం.

రాత్రి పదకొండు, శ్రీనివాస బస్టాండు. ఒకడు నడుముకున్న బెల్టు పీకి, బకిల్ వైపు వదిలి ఒక కుర్రాణ్ణి కొడుతున్నాడు. మీరు పక్కనుంచి వచ్చి బెల్టు పట్టిన మణికట్టు అందుకున్నారు. వాడు గింజుకున్నాడు. తోశారు. ప్లాట్‌ఫారం అంచున పడ్డాడు, మోచెయ్యి గీరుకుంది. ఇంతవరకూ చట్టం మీ వెనకే ఉంది. బెల్టు జారి మూడు గజాల అవతల పడింది. ఇద్దరు వాడి రెండు చేతులూ పట్టేశారు. వాడిప్పుడు బూతులు తప్ప ఏమీ చెయ్యలేడు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒక గొంతు: "ఒకటి పీకన్నా, బుద్ధొస్తాది."

బెల్టు చేజారి, చేతులు దొరికిపోయిన ఆ క్షణానే మీ హక్కు ముగిసింది. 40వ సెక్షన్ ప్రకారం అపాయం ఉందన్న భయంతోనే హక్కు మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతసేపే ఉంటుంది. ఆ తర్వాత పడే తన్ను రక్షణ కిందికి రాదు, కొత్త నేరం అవుతుంది. నోటిమీద తగిలి ఒక పన్ను ఊడిందనుకోండి. పన్ను విరిగినా స్థానం తప్పినా 116వ సెక్షన్ లెక్కలో అది తీవ్రగాయం. 117(2) కింద 7 ఏళ్ళ దాకా జైలు. చెంపదెబ్బ లాంటి మామూలు గాయానికి 115(2) కింద ఉన్నది ఏడాది దాకానే. ఒక్క పన్ను ఆ ఏడాదిని ఏడు చేస్తుంది. అంతకుముందు బకిల్ దెబ్బలు తిన్న కుర్రాడి ఒంటిమీద కమిలిన మచ్చలు తప్ప ఏమీ లేకపోతే, కాగితం మీద బెల్టువాడి కేసు చిన్నదీ మీ కేసు పెద్దదీ అయి కూర్చుంటుంది. ఇది ఎంత అన్యాయంగా అనిపించినా ఫైలు అలాగే తయారవుతుంది.

"నేను కొట్టలేదు సార్, చేతులు పట్టుకున్నానంతే" అనేవాళ్ళ పరిస్థితి మరీ జాలి. ఆపడానికి పట్టుకుంటే రక్షణ, ఇంకొకడు కొట్టేందుకు పట్టుకుంటే 3(5) కింద ఉమ్మడి ఉద్దేశం. అదే ఉద్దేశంతో ఐదుగురు గుమిగూడితే చట్టవిరుద్ధ సమూహం. ఐదుగురిలో ఎవరు వేసిన దెబ్బకైనా అందరూ బాధ్యులు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వాట్సాప్ పుకారుతో పక్కనే తిరువణ్ణామలై జిల్లాలో ఒక పెద్దావిడను జనం కొట్టి చంపారు. పిల్లలను కాపాడుతున్నామనే అనుకున్నారు ఆ జనం.

మరి పట్టుకున్నవాణ్ణి ఏం చెయ్యాలి? మీ కళ్ళెదుటే కాగ్నిజబుల్ (పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చెయ్యగల), నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా రాని) నేరం చేసినవాణ్ణి మామూలు మనిషైనా పట్టుకోవచ్చు. కానీ ఆలస్యం చెయ్యకుండా, ఎంత ఆలస్యమైనా 6 గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. ఇది పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ (న్యాయ సంహితలోనిది వేరే 40, కలిపెయ్యొద్దు). కూర్చోబెట్టండి, చుట్టూ నిలబడండి. స్తంభానికి కట్టడం, చొక్కా విప్పించడం, గుంజీలు తీయించడం వద్దు. నేరం ఆ స్థాయిదో కాదో తేల్చుకోలేకపోతే వదిలేసి బండి నంబరు రాసుకోండి. పారిపోయినవాణ్ణి పోలీసులు వెతుక్కుంటారు.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. మీరు గీత దాటకపోయినా అవతలివాడు మీ మీద ఎదురు కేసు (కౌంటర్ కేసు) పెట్టొచ్చు. రక్షణ హక్కు అనేది ఎఫ్ఐఆర్‌ను ఆపే గొడుగు కాదు, మీరు నిలబెట్టుకోవాల్సిన వాదన. అందుకే ఆ మొదటి గంటలో చేసే పనులు ముఖ్యం. అత్యవసర నంబరు 112కు మీ ఫోన్ నుంచే కొట్టండి, ఏ నిమిషాన పిలిచారో రికార్డు ఉంటుంది. మీకు చిన్న గీత పడినా రుయా ఆసుపత్రి క్యాజువాలిటీలో చూపించుకుని, ఎవరు దేంతో కొట్టారో చెప్పి ఎమ్మెల్సీ (కేసుకు పనికొచ్చే మెడికో-లీగల్ నమోదు) రాయించుకోండి. వాళ్ళకంటే ముందు స్టేషనుకు మీరే పోండి. 'మా పరిధి కాదు' అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనైనా తీసుకోవాలని సురక్షా సంహిత 173 చెబుతోంది. ఫిర్యాదుదారుకు కాపీ ఉచితం. రాసేటప్పుడు 'వాణ్ణి కొట్టాను' అని మొదలుపెట్టకండి. వాడి చేతిలో ఏముంది, ఎవరికి ఎక్కడ తగులుతోంది, మీరేం చేశారు, ఎప్పుడు ఆపారు అనే వరుసలో రాయండి. చాలామంది వదిలేసేది ఆ ఎప్పుడు ఆపారన్న వాక్యాన్నే.

అపోహ: సాయమంటే మధ్యలో దూకడమే

ముందు మూడు చూడండి: చేతిలో ఆయుధం ఉందా, ఎంతమంది, మీరు వెనక్కి రావడానికి దారి ఉందా. కత్తి కనిపిస్తే దగ్గరికి పోవద్దు. బండి హారన్ ఆపకుండా మోగించండి, హెడ్‌లైటు మొహం మీద వెయ్యండి, దూరం నుంచే అరవండి. ఆయుధం లేదు, ఒక్కడే ఉన్నాడు అనిపిస్తే అప్పుడైనా ఇద్దరి మధ్యకు పోకండి. రెండువైపుల దెబ్బలూ తగిలేది అక్కడే. దెబ్బలు తినేవాళ్ళ పక్కకు వచ్చి వాళ్ళను లాగండి. మాట్లాడేదీ వాళ్ళతోనే: "అక్కా, చిత్తూరు బస్సు కదలతా ఉంది, రా." కొట్టేవాడితో వాదన పెట్టుకుంటే వాడికి పరువు సమస్య. ఆమెను పిలిస్తే వాడికి వాదించడానికి ఏమీ దొరకదు. ఈ ఊళ్ళో అందరికీ పనికొచ్చే మాట ఇంకొకటుంది: "సామీ, మీ బ్యాగు యాడ పెట్టినారు?" వాడు తల తిప్పే ఆ రెండు సెకన్లు చాలు, చెయ్యి పట్టి లాగెయ్యడానికి.

గుంపులో 'ఎవరైనా ఫోన్ చెయ్యండి' అంటే ఇంకొకరు చేస్తారులే అని ఎవరికి వాళ్ళు అనుకుంటారు. వేలు చూపించి చెప్పండి: "ఎర్ర చొక్కా అన్నా, నువ్వు 112 కొట్టు. ఆటో అన్నా, నువ్వు ఇట్రా."

ఫోన్‌లో ముందు చోటు, తర్వాతే సంగతి. మధ్యలో కట్ అయినా చోటు అందుతుంది. 'ఆర్టీసీ బస్టాండు' అంటే చాలదు. శ్రీహరి, శ్రీనివాస, ఏడుకొండల, మూడూ అక్కడే ఉన్నాయి, ప్లాట్‌ఫారం నంబరుతో సహా చెప్పండి. అలిపిరి నడకదారిలో అయితే గాలిగోపురం దాటామా, మోకాళ్ళ మెట్టు దగ్గరా అని చెప్పండి. 3,550 మెట్లున్న దారిలో 'మెట్ల మీద' అంటే వాళ్ళెక్కడికి రావాలి? రైల్లో అయితే 139.

కత్తి దిగబడి ఉంటే పీకొద్దు. రక్తం కారేచోట మడతపెట్టిన గుడ్డతో గట్టిగా అదిమి, 108 వచ్చేదాకా చెయ్యి తీయకండి. తడిసిందని గుడ్డ మార్చొద్దు, పైన ఇంకొకటి వెయ్యండి. యాసిడ్ అయితే పారే నీళ్ళు కనీసం 20 నిమిషాలు.

మిగతా అపోహలు త్వరగా

'గుంపులో ఎవరూ సాయం చెయ్యరు.' ఈ మాటకు మూలం 1964లో న్యూయార్క్‌లో జరిగిన ఒక హత్య. 38 మంది చూస్తూ ఊరుకున్నారని అప్పట్లో పత్రిక రాసింది, ఆ లెక్క నిలవలేదు. 2019లో ఆమ్‌స్టర్‌డామ్, కేప్‌టౌన్, లాంకాస్టర్ నగరాల సీసీటీవీల్లో 219 గొడవలు చూస్తే, పదింట తొమ్మిదింట్లో కనీసం ఒకరు కలగజేసుకున్నారు. చుట్టూ జనం పెరిగేకొద్దీ ఎవరో ఒకరు ముందుకొచ్చే అవకాశం పెరిగింది.

'మొగుడూ పెళ్ళాల గొడవ, మనకెందుకు.' మొగుడని వాడు చెబితే మీకెలా తెలుసు? నిజంగా మొగుడే అయినా 2005 గృహహింస చట్టం 4వ సెక్షన్ కింద ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసరుకు సమాచారం ఇవ్వొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ ఉండదు. పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిసీ చెప్పకపోతేనే పోక్సో కింద నేరం.

'గుడ్ సమరిటన్ చట్టం ఉంది కాబట్టి మనల్ని ఏమీ అడగరు.' సాయం చేసినవాళ్ళను కాపాడే ఆ నిబంధన మోటారు వాహనాల చట్టం 134ఏ, రోడ్డు ప్రమాదాలకే. కొట్లాటకు వర్తించదు. అయితే పోలీసులు వస్తేగానీ చూడం అని ఆసుపత్రి అనకూడదు. ముందు వైద్యం అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

'సాక్షి అయితే స్టేషను చుట్టూ తిరగాలి.' ఆడవాళ్ళను, 15 ఏళ్ళ లోపు అబ్బాయిలను, 60 దాటినవాళ్ళను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ళను విచారించాలంటే పోలీసులే ఇంటికి రావాలి. ఫిర్యాదు మీద సంతకం పెట్టాలి గానీ, దర్యాప్తులో మీరు చెప్పింది పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద పెట్టకూడదు. పెట్టమంటే ఆ సంగతి నెమ్మదిగా గుర్తుచెయ్యండి.

'వీడియో తీసి పెడితే పోలీసులే చూసుకుంటారు.' ఒకరు సాయం చేస్తుంటే రెండోవాళ్ళు తియ్యొచ్చు, మొదటి పని అది కాకూడదు. గ్రూపుల్లో వెయ్యొద్దు. లైంగిక దాడి బాధితురాలి గుర్తింపు బయటపడితే న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద పెట్టినవాళ్ళకే 2 ఏళ్ళ దాకా జైలు. వాట్సాప్‌లో పంపితే ఫైలు కుదించుకుపోతుంది. కత్తిరించకుండా, పేరు మార్చకుండా ఫోన్‌లో ఉన్నదే చూపించండి. భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో దర్యాప్తు అధికారి కాపీ తీసుకునేదాకా ఆ ఫోన్ రీసెట్ చేయించకండి, పండగ ఆఫర్లో ఎక్స్ఛేంజికి ఇచ్చెయ్యకండి.